లెవల్ పైపు

పంతొమ్మిదేండ్లు చెప్పిన ఆ మాట.
ఎనిమిదో తరగతి, జూలై రెండో వారం,
సుద్దముక్క విరిగే చోటు కూడా మారకుండ:
ద్రవాలు తమ మట్టాన్ని తామే వెతుక్కుంటాయి.
పిల్లలు రాసుకున్నరు, నేను దిద్దిన.
ఒక్క మార్కు ప్రశ్న.
ఎవరూ తప్పలేదు, నాతో సహా.

కల్వకుర్తిల పాత ఇంటి వెనక
ఒక అర్ర కట్టించుకుంటున్నప్పుడు
మేస్త్రీ ఉశేనప్ప వచ్చిండు,
భుజానికి చుట్టుకున్న సన్నటి పైపుతోని,
రోగి లేని సెలైన్ గొట్టం లెక్క.
దాన్నిండ నీళ్లు.
ఆ దినం ఆయన జోడి మనిషి రాలేదు,
చెల్లె కొడుకు పుట్టెంటికలట, ఉమామహేశ్వరంల.
"మేడం, జర ఈ కొస పట్టుకో" అన్నడు.

పట్టుకున్న. మొదలు తిట్టు తిన్న.
"బొటనవేలు తియ్యి.
మూసి పెడితె నీళ్లకు ఎట్ల తెలుస్తది?"
తర్వాత పైపు మొత్తం ఎండకు ఎత్తి
కన్ను చికిలించి చూసిండు.
జొన్నగింజంత బుడగ ఒకటి
నడుమల కూసున్నది, సొంత ఇల్లయినట్టు.
గోరుతోని కొట్టి కొట్టి దాన్ని వెళ్లగొట్టిండు.
"నీళ్లు అబద్ధమాడయ్ మేడం,
నడుమ గాలి జొర్రితెనే."

గోడవతలికి పోయిండు. నాకు కనపడడు.
దగ్గు వినపడుతది, బీడీ వాసనొస్తది.
నా చేతిలో నీళ్లు కొద్దిగ లేచినయి.
ఆగినయి.
దిగినయి.
ఒకసారి మరీ ఎత్తిండేమో,
నా మణికట్టు తడిసి మోచేతి దాక కారింది.

అప్పుడు
ఎట్ల చెప్పాలె
వాక్యం నా చేతిలో కదిలింది.
పంతొమ్మిదేండ్లు బోర్డు మీద పండుకున్న వాక్యం
ఊపిరి పీల్చినట్టు ఎగిసి
గోడవతల మనిషి చెయ్యి ఎంత ఎత్తుల ఉన్నదో నాకు చెప్పి
నిలబడ్డది.
"గీత కొట్టు!" అని కేక.
పెన్సిల్ వణికింది.
గీత వంకర పోయింది, మట్టం పోలేదు.

సోమవారం ఆ పైపు అడిగి తీసుకొని బడికి పోయిన.
వెనక బెంచీల నుంచి పరశురాం అన్నడు:
"నీరు పల్లమెరుగు. అందరికి ఎర్కున్నదే గద మేడం!"
అవును నాయనా,
నాకు గూడ ఎర్కుండె.

సోమశిల దిక్కు నుంచి వచ్చిన హాస్టల్ పిల్ల శివలీల,
హాజరుకు తప్ప నోరిప్పనిది,
రెండో కొస పట్టుకొని తలుపు దాటి, వరండా దాటి
మెట్లు దిగుడు మొదలువెట్టింది.
ఆగమంటె ఆగలేదు.
ఇక్కడ పరశురాం చేతిలో పైపు ఉత్తగైంది.
అక్కడ నీళ్లన్నీ దాని పాదాల మీద.
చానసేపు చూసుకున్నది పాదాలను.
"గందుకేనా మేడం,
కృష్ణ మా ఊరి కిందికెల్లే పోతది,
మా అవ్వ మాత్రం బిందె మోసుకుంట గట్టెక్కుతది?"

కృష్ణ ఎక్కడ పుట్టింది, ఎక్కడ కలిసింది
మ్యాపుల గీసి చూపెడుతది ఆ పిల్ల.
వాళ్లవ్వ బడి మొకం చూడలేదు.
పాఠం మొత్తం ఆమె మెడనరంల ఉన్నది.
ఇద్దరి నడుమ ఎక్కడ్నో నేను,
జొన్నగింజంత,
నెలనెలా జీతం తీసుకుంట.

జవాబు చెప్పలేదు.
గంట కొట్టిండ్రు, అదే నయమైంది.

అర్రకు సున్నం పడ్డది. వంకర గీత కిందికి పోయింది.
రాత్రి పండుకుంటె
మంచం కింద భూమి తిరుగుతున్నదని
ఇంకా నమ్ముతనే ఉన్న.
వెన్నెల సూర్యునిదేనని గూడ.
నమ్ముడుకు ఖర్చేమున్నది?
ఒక్కోసారి మాత్రం
చీకట్ల చెయ్యి చాపి
బొటనవేలు తీసి పెట్టుకుంట,
గోడవతల ఎవరన్న
ఎత్తుతరేమోనని.